సున్నా లీటర్లు

సంతపేటలో మెట్ల కింద మా ప్రెస్సు.
పైన టైలరు మోటారు మిషను తిరుగుతుంటే
కింద నా టేబులూ, దాని మీది మానిటరూ
కొంచెం కొంచెం వణుకుతుంటాయి.

పాల సంఘం బోనసు పుస్తకం.
నాలుగు వందల పన్నెండు మంది ఆడోళ్లు
ఒకే ఫైల్లో, ఒకరి కింద ఒకరు,
ఒక్కొక్కరూ రెండు కొక్కేల మధ్య.
మొదటి కొక్కెం తెరుస్తుంది, రెండోది మూస్తుంది,
నడాన పేరు, ఊరు, ఆవులెన్ని, లీటర్లెన్ని, వెన్న ఎంత.

చేత్తో పేర్చాలంటే పదైదు దినాలు.
అందుకని స్క్రిప్టు రాసినాను.
దానికి చదువు రాదు, నడక మాత్రం వచ్చు.
ఒక కొక్కెం తీస్తుంది,
ఉన్నది తెచ్చి పేజీలో పెడుతుంది,
మూసి పక్కింటికి పోతుంది.
మొదటి ఇల్లు దాని లెక్కలో సున్నా.
నాకు అలవాటైపోయింది.

సెక్రటరీ దామోదరం నాయుడు ఫోన్ చేసినాడు:
"పాలు పొయ్యడం మానేసినోళ్ల పేర్లు పెరికెయ్యమ్మా,
పేజీలు తగ్గితే ఖర్చు తగ్గుతుంది."
ఒక్క వరస చేర్చినాను.
లీటర్లు సున్నా అయితే తీసెయ్.
టీ తాగి వచ్చేలోపల పుస్తకం తయారు.
ఏ పెట్టె మూలా ఎర్ర గుర్తు లేదు.
అంత శుభ్రంగా వచ్చినప్పుడే అనుమానపడాల్సింది.

శనివారం తవణంపల్లె బస్సు దిగి గంగులమ్మ వచ్చింది,
ప్రూఫు కాగితం నాలుగు మడతలు పెట్టి
రవికెలో దోపుకొని.
"దినానికి పదకొండు లీటర్లు పోస్తా.
నా పేరు యాడమ్మా?"

వెతికినాను. ఫైల్లో ఉంది. పేజీలో లేదు.
ఆమెకు పైన ఎవరని చూస్తే కుప్పమ్మ. సున్నా.
మొగుడికి రాయవేలూరు ఆసుపత్రిలో మందులకని
రెండు సీమావుల్నీ అమ్ముకునిందంట,
గంగులమ్మే చెప్పింది.

అప్పుడు తట్టింది.
కుప్పమ్మను తీసెయ్యగానే
కింద ఉన్నోళ్లంతా ఒక మెట్టు పైకి జరిగినారు.
గంగులమ్మ వచ్చి కుప్పమ్మ జాగాలో కూర్చునింది.
ఆ జాగా అయిపోయిందనుకొని
స్క్రిప్టు తరువాతి నెంబరుకు పోయింది.
వెనక్కి తిరిగి చూడమని నేను నేర్పలేదు.
ఇరవై ఆరు మందిని నేను తీసేస్తే
ఇరవై అయిదు మంది ఎవరూ తియ్యకుండానే పోయినారు.
కడాకరి ఆమెకు కింద ఎవరూ లేరు, అంతే తేడా.

వేలుతో చూపిస్తా గంగులమ్మకు చెప్పినాను.
అంతా విని అనింది:
"అది పోతే నేనూ పోతానంటే
అట్లే ఉండనీలే దాన్ని."

"అట్ల కాదు, దీనికి మందుంది" అన్నాను.
"కడ నుంచి మొదటికి నడుస్తా తీసేస్తే
పైనోళ్లు ఎవరూ కదలరు."

"మందను యనక నుంచే కదా తోలేది!
ముందర నడిచేవాడికి ఏది తప్పిందో ఎట్ల తెలుస్తుంది?
ఇంత చదివి అదే తెలీదా?"

సాయంత్రం పాలకు టైమైందని
టీ కూడా తాగకుండా బస్సుకు పోయింది.

వెనక నుంచి నడిపినాను. తీసినాను.
మళ్లీ ముందు నుంచి పేర్చినాను.
మూడు వందల ఎనభై ఆరు. సరిగ్గా ఉంది.
పందొమ్మిదో పేజీలో గంగులమ్మ, పక్కన పదకొండు.

అయినా సేవ్ చెయ్యబుద్ధి కాలేదు.
చేసిందంతా వెనక్కి తిప్పి
'తీసెయ్' కొట్టేసి 'దాటుకో' అని రాసినాను.
దాటుకుంటే ఎవరూ జరగరు,
ఎటు నుంచి నడిచినా ఒకటే.
పేజీలు పెరగలేదు. నాయుడికి తెలియాల్సిన పనీ లేదు.
ఫైల్లో మాత్రం కుప్పమ్మ ఉంది
తన రెండు కొక్కేల మధ్య,
పేరు, ఊరు, ఆవుల దగ్గర ఖాళీ.
వచ్చే ఏడు ఒక పెయ్యను తోలుకొస్తే
మార్చాల్సింది ఒక్క అంకె.

పైన మిషను టక్కున ఆగింది.
కరెంటు పోయింది.
టేబులు కింద యూపీఎస్ కూస్తా ఉండాది,
చీకట్లో వెతుక్కొని
సేవ్ నొక్కినాను.